రెండు కాళ్ల సాక్ష్యం

నేను ఒక కొలత టేపును. పొడవు నూట యాభై సెంటీమీటర్లు, రెండు కొసలకూ సన్నని ఇత్తడి బిళ్లలు. ఒకవైపు అంగుళాలు, మరొకవైపు సెంటీమీటర్లు. ఒకప్పుడు పసుపు రంగులో ఉండేదాన్ని. ఇప్పుడున్న రంగుకు పేరు పెట్టడం కష్టం.

ఏదో ఫ్యాక్టరీలో గుడ్డపట్టీకి మందంగా పూత పూసి, ఆరబెట్టి, రోలరు కింద నుంచి లాగితే నా ఒంటి మీద అంకెలు తేలాయి. ఆ రోజు నాతోపాటు కొన్ని వేల టేపులు పుట్టాయి. వందలో ఒకదాన్ని తీసి ఉక్కు కొలబద్ద పక్కన పెట్టి సరిచూసేవారు. ఆ ఒకటి నేను కాదు. అందుచేత నేను చెప్పేది సరైనదో కాదో పుట్టినప్పటి నుంచీ నాకు తెలియదు. నా మాట విని మనుషులు బట్ట కత్తిరించారు, తరవాత తరవాత ఇంకా పెద్ద నిర్ణయాలే తీసుకున్నారు. ఆ దిగులు నన్ను ఒక్కరోజూ వదల్లేదు.

నన్ను కొన్నది సాంబయ్య అనే దర్జీ. బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. పదహారేళ్లు ఆయన మెడలో ఉన్నాను. నన్ను చూడగానే మనుషులు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవారు. సాంబయ్య తొందరపడేవాడు కాదు. "ఊపిరి వట్టుకోని ఎంతసేపుంటవయ్యా, అంగీ ఏసుకున్నంక బువ్వ తినవా?" అనేవాడు. వాళ్లు నవ్వగానే పొట్ట బయటికొచ్చేది, అప్పుడు కొలిచేవాడు. అన్నేళ్ల వాడకంలో నేను కొంచెం సాగాను. మీటరు దగ్గర అర సెంటీమీటరు తక్కువ చెబుతాను. ఆ సంగతి సాంబయ్యకు తెలుసు. కత్తిరించేటప్పుడు ఆ మేరకు బట్ట వదిలేవాడు.

పోయిన ఏడాది మాఘమాసంలో మూడు రోజులపాటు ఆయన ఎడమ చేయి దులుపుకుంటూ కుట్టాడు. కూతురు ప్రవళిక అది చూసి, "ఏమైంది నాయినా?" అని అడిగింది. "ఏం లేదు బిడ్డా, బట్ట గుంజీ గుంజీ" అన్నాడు. ఆమె నమ్మింది. నాలుగో రోజు పొద్దున ఆయన కత్తెర పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నాడు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ప్రవళిక ప్రాంతీయ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగి అతికినవాళ్లను, పడి లేచినవాళ్లను మళ్లీ నడిపించడం ఆమె పని. దినాలైన మర్నాడు నన్ను చుట్టచుట్టి తెల్లకోటు జేబులో వేసుకుంది. అప్పటి నుంచి ఆమెలో ఒక మార్పు వచ్చింది. ఎవరైనా "ఏం లేదు మేడం" అన్నారంటే వెంటనే ఆమె చేయి జేబులోకి, నా మీదకు వచ్చేది. మనుషుల మాట మీద ఆమెకు నమ్మకం పోయింది. మిగిలిన నమ్మకమంతా నా మీద పెట్టుకుంది. ఆ బరువు నాకు భయంగా ఉండేది.

ఆసుపత్రిలో నాకు దొరికిన పనుల్లో ఎక్కువ భాగం చీలమండలే. మెట్టు తప్పినవాళ్లు, గుంతలో కాలు పెట్టినవాళ్లు, చెప్పు తిరగబడినవాళ్లు. కాలు బెణికితే మనుషులు దాన్ని రోగమని అనుకోరు. పసుపు, సున్నం పట్టు వేస్తారు, రోకలి మీద పాదం దొర్లిస్తారు, వాపు దిగగానే మరిచిపోతారు. కొందరికి మాత్రం అదే కాలు మళ్లీ మళ్లీ మడత పడుతుంది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోయి, చీలమండ పట్టు తప్పుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. అలాంటివాళ్లను డాక్టరుగారు ప్రవళిక గదికి పంపేవారు.

ఆమె మొదట నన్ను చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలాగా చుట్టి వాపు చూసేది. తరవాత గోడ పరీక్ష. పాదం నేల మీదే ఉంచి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించాలి. బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉన్నా మోకాలు తాకుతుందో నేను చెప్పాలి. ఆ తరవాత నేల మీద మూడు గీతలు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో ఒక్కో గీత వెంబడి ఎంత దూరం అందుకోగలరో చూడాలి. చివరికి చేతి పరీక్ష. ఒక చేత్తో కాలి ఎముకను బిగించి, రెండో చేత్తో మడమను ముందుకు లాగితే, పట్టున్న చీలమండ అక్కడే ఆగుతుంది. పట్టు లేనిది జారి ముందుకొస్తుంది. దానికి నా అవసరం లేదు, ఆమె వేళ్లు చాలు.

ఇన్నీ దెబ్బ తగిలిన కాలికి చేశాక, దెబ్బ తగలని కాలికీ చేస్తుంది. రెండింటికీ ఉన్న తేడాయే జబ్బు. ఈ పద్ధతి నాకు ఎంతో ఊరట. నేను అర సెంటీమీటరు తప్పు చెప్పినా రెండు కాళ్లకూ అదే తప్పు చెబుతాను కాబట్టి తేడా మాత్రం నిజమే అవుతుంది. సాగిపోయిన టేపుకు ఇంతకంటే గౌరవమైన ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? అలా అనుకుని ఏడాదిపాటు నిశ్చింతగా ఉండబోయాను. ఉండలేకపోయాను.

శివరాత్రి దాటిన వారం ఒక ఉదయం సోమనర్సయ్య, ఆయన భార్య అండాలు వచ్చారు. ఆయన తాళ్లు గీసి కల్లు దించే మనిషి. వయసు నలభై మూడు. పద్దెనిమిది తాటిచెట్లు ఆయన పేరు మీద ఉన్నాయి. ఎండాకాలం గీత మొదలవబోతోంది. డాక్టరు కాయితం తెస్తేనే చెట్లెక్కనిస్తామని వాళ్ల ఊరి గీతసంఘం చెప్పింది. లేకపోతే ఆ పద్దెనిమిది చెట్లూ ఈ ఏడు ఇంకొకరికి వెళతాయి.

"కాయిదం ఎందుకడిగిన్రు?" అంది ప్రవళిక.

"మూడు నెలల కిందట చెట్టు మీదికెళ్లి జారిన మేడం. మట్ట పట్టు తప్పింది. తప్పు చేతిది, కాలుది కాదు."

అండాలు కిటికీలోంచి బయటికి చూసింది.

"మరి కాలు ఎన్నిసార్లు మడతవడ్డది?"

"పోయినేడు నాట్లప్పుడు, పొలం ఒడ్డు మీద. కుడిది. గంతే."

"గంతేనా?" అంది అండాలు.

"నువ్వూకో. మేడం అడిగింది నన్ను."

"నేనేమన్న? గంతేనా అన్న."

ప్రవళిక తన దగ్గరున్న ప్రశ్నల కాగితం తీసింది. ఎక్కడో మేడలూ మైదానాలూ ఉన్నచోట తయారైన ప్రశ్నలవి. ఆమె వాటిని తెలుగులోకి రాసుకుంది.

"మెట్లు దిగేటప్పుడు కాలు తూలుతదా?"

"మా ఇంటికి మెట్లు లెవ్వు."

"ఉరికేటప్పుడు?"

"నేనెందుకురుకుత? ఎవలన్న తరుముతున్నరా?"

అండాలుకు నవ్వాగలేదు. "తరిమినా ఉరుకడు మేడం. నేను సూశిన గద."

"చదును నేల మీద నడిచేటప్పుడు?"

"ఏం లేదు."

ఆ మాట వినగానే ప్రవళిక చేయి జేబులోకి వచ్చింది. నన్ను బయటికి తీసింది.

వాపు లేదు. గోడ పరీక్షలో కుడికాలికి పద్నాలుగున్నర, ఎడమకాలికి పద్నాలుగు. మూడు గీతల మీద రెండు కాళ్లూ సమానంగా అందుకున్నాయి. కళ్లు మూసి ఒంటికాలి మీద నిలబడమంటే కొంచెం ఊగాడు, రెండు కాళ్ల మీదా ఒకే తీరుగా ఊగాడు. చేతి పరీక్షలో కుడి చీలమండ ముందుకు జారింది. ప్రవళిక కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఎడమది చూసింది. అదీ అంతే జారింది. కనుబొమలు విడిపోయాయి. "కొందరికి పుట్టుకతోనే కీళ్లు వదులుంటయి" అని తనలో తాను అనుకుని రాసింది: రెండు వైపులా సమానం. తేడా లేదు.

నాకు అప్పుడే ఏదో గుబులు మొదలైంది. గోడ పరీక్షలో మామూలుగా వేలు నా మీద తొమ్మిది దగ్గరో, పది దగ్గరో, పదకొండు దగ్గరో ఆగుతుంది. ఆ అంకెలు అరిగిపోయాయి కూడా. పద్నాలుగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. చాలాకాలంగా అక్కడ ఎవరి వేలూ పడలేదు. కానీ నా పని అంకె చూపించడం వరకే. అది ఎక్కువో తక్కువో అనడానికి నాకు నోరు లేదు.

డాక్టరుగారు కింద సంతకం పెట్టారు. సోమనర్సయ్య కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో దాచుకున్నాడు. గుమ్మం దగ్గర అండాలు ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగింది. "నడువ్, బస్సు పోతది" అన్నాడు ఆయన. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం సరూప అనే బస్సు కండక్టరమ్మ వచ్చింది. ఫుట్‌బోర్డు దిగుతుంటే ఎడమకాలు మడత పడింది. ప్రవళిక బాగున్న కుడికాలిని పట్టుకుని మడమను ముందుకు లాగింది. అది కదల్లేదు. గోడకు పాతుకున్న మేకులాగా ఆగిపోయింది. ప్రవళిక ఇంకోసారి లాగింది. మళ్లీ ఇంకోసారి.

"ఏందమ్మా, నొచ్చేది ఇది గాదు" అంది సరూప. "మంచి కాలు మీద గూడ అనుమానమేనా? టిక్కెట్టు తీసుకున్నోన్ని నాలుగుసార్లు అడిగినట్టున్నది."

ప్రవళిక నవ్వలేదు. కుడికాలికి గోడ పరీక్ష చేసింది. నా మీద పది దగ్గర ప్రవళిక వేలు ఆగింది. ఆ వేలు అక్కడి నుంచి కదల్లేదు. పట్టున్న చీలమండ ఎలా ఉంటుందో ఆమె వేళ్లకు అప్పుడు గుర్తొచ్చింది. నిన్న ఆమె చూసిన రెండు కాళ్లలో ఒక్కటీ అలా లేదు.

తేడా లేదని రాసింది. తేడా నిజంగానే లేదు. బాగున్నదనుకుని ఏ కాలిని సాక్ష్యంగా పెట్టుకుందో ఆ కాలూ పాడైనదే. నేను రెండు కాళ్లకూ ఒకే తప్పు చెబుతానని ధీమాగా ఉన్నాను. కాళ్లు కూడా ఆ పని చేయగలవని నాకు తోచలేదు.

సరూపకు కట్టు కట్టి పంపించాక ఆమె కేసు కాగితంలో ఉన్న నంబరుకు ఫోను చేసింది. అండాలు ఎత్తింది.

"సోమనర్సన్న ఉన్నడా అక్కా?"

"ఉంటడా? కాయిదం అచ్చింది గద. పొద్దుగాల ఆరు చెట్లెక్కిండు. మాపటీలి మల్ల ఎక్కుతడు."

"అక్కా, నిజం చెప్పు. ఆ రోజు చెట్టు మీదికెళ్లి ఎట్ల జారిండు?"

"కాలే" అంది అండాలు. "కింద నేనే ఉన్న. కుడి పాదం సర్రున మర్లింది. నిన్న జెప్పుదామనుకున్న. నోరు మూపిచ్చిండు. సూశినవు గద."

"ఆపు అక్కా. నేనొస్తున్న."

"నేనాపితే ఆగేటోడైతే నిన్న నీ దగ్గరికెందుకొస్త?"

ఇరవై కిలోమీటర్ల దారి. స్కూటీ మీద ఆమె ఎంత వేగంగా వెళ్లిందో నాకు తెలియదు. కోటు విప్పడం కూడా మరిచిపోయింది కనుక నేను జేబులోనే ఉన్నాను. దారి పొడవునా ఆమె ఒక చేయి మాటిమాటికీ జేబు మీదకు వచ్చి, నన్ను తడిమి వెళ్లింది. నన్ను తడిమితే ఏమొస్తుంది? నేను కొలిచే సరుకు ఆ దారిలో ఏమీ లేదు.

తాటివనం చేరేసరికి పొద్దు వాలుతోంది. అండాలు ఒక చెట్టు మొదట్లో తల పైకెత్తి నిలబడి ఉంది. పైన, ఇల్లు మీద ఇల్లు, దాని మీద ఇంకో ఇల్లు పెట్టినంత ఎత్తున సోమనర్సయ్య కల్లు పట్టే లొట్టి కడుతున్నాడు. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి మోకు. రెండు పాదాలనూ కలిపి పట్టి ఉంచే తాడు వలయం, దాన్ని గుజి అంటారు. ఆ రెండు తాళ్ల మీదే మనిషంతా.

ప్రవళిక నోరు తెరిచింది. అండాలు గబుక్కున ఆమె నోటి మీద చేయి పెట్టింది.

"పిలువకు. చెట్టు మీదున్నోన్ని కిందికెళ్లి పిలువరు. కిందికి సూస్తడు."

ఇద్దరూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఆసుపత్రిలో ప్రవళిక చూడనిది ఇక్కడ చూసింది. చెట్టును పట్టుకున్న ఆ పాదాలు మనం నేల మీద నిలబడినట్టు లేవు. రెండూ లోపలికి తిరిగి, రెండు అరచేతుల్లాగా కాండాన్ని అదిమి పట్టుకున్నాయి. పాదం లోపలికి తిరగడమే బెణుకు. వేరేవాళ్లకు ఎప్పుడో ఒకసారి పొరపాటున జరిగేది, ఆయనకు రోజూ చేసే పని.

ఆయన దిగడం మొదలుపెట్టాడు. మోకు జార్చి, పాదాలు జార్చి, మళ్లీ మోకు. సగం దిగాడు. ఇంకొంచెం దిగాడు. నేలకు ఇద్దరు మనుషుల ఎత్తు ఉందనగా కుడి పాదం ఒక్కసారిగా కిందికి ఒరిగింది. మోకాలు చెట్టుకు కొట్టుకుంది. మోకు బిగుసుకుని ఆయన్ని పట్టింది. అండాలు నోట్లోంచి గాలి తప్ప శబ్దం రాలేదు. ఆయన అలాగే కరుచుకుని రెండు ఊపిరులు తీసుకుని, మిగతా చెట్టు ఎడమకాలి మీద దిగాడు.

నేల మీద పాదం పెట్టాక ప్రవళికను చూశాడు. మొహంలో రంగు లేదు కానీ నవ్వాడు. "డాక్టరమ్మా! కల్లు తాగనీకొచ్చినవా?"

"కాలు మర్లింది గద అన్నా."

"లేదు లేదు. బెరడు ఊడింది."

"అన్నా, నిన్న నేను తప్పు రాసిన."

"ఏం తప్పు? రెండు కాళ్లు ఒక్క తీరే ఉన్నయని నువ్వే అంటివి."

"ఒక్క తీరే ఉన్నయి. రెండూ ఒక్క తీరే సాగినయి. ఎన్నేండ్ల సంది ఎక్కుతున్నవు?"

"పదిహేనో ఏట మొదలువెట్టిన."

"ఇరవై ఎనిమిదేండ్లు పాదాలు లోపటికి మలిపి చెట్టు పట్టుకున్నవు. బయటి దిక్కున్న కట్లు రెండు కాళ్లవీ వదులైనయి. కుడిదానికి ఆపైన దెబ్బ గూడ తాకింది. నేను కుడిదాన్ని ఎడమ దానితోని పోల్చి సూసిన. ఎడమది గూడ మంచిది కాదని నాకు తట్టలే."

ఆయన గొంతు పెరిగింది. "నీకు తట్టకపోతే నా చెట్లు పోవాల్నా? మా నాయిన గిట్లనే ఎక్కిండు. మా తాత గిట్లనే ఎక్కిండు."

"మీ నాయిన ఎట్ల పోయిండో గూడ జెప్పు మేడంకు" అంది అండాలు.

మోకు విప్పుతున్న సోమనర్సయ్య చేతులు ఆగిపోయాయి.

"ఒక్కటి చెయ్యి అన్నా" అంది ప్రవళిక మెల్లగా. "మోకాలెత్తు మందమే ఎక్కి ఊకె నిలవడు. అక్క అరవై లెక్కవెడతది."

ఆయన మోకు మళ్లీ బిగించి, గుజి వేసుకుని ఎక్కాడు. ప్రవళిక మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, నా ఇత్తడి కొసను నేలకు ఆనించి, కుడికాలి బయటి చీలమండ ఎముక దాకా నన్ను నిలువుగా పట్టింది. నలభై రెండు. అండాలు లెక్కపెట్టింది. ఇరవై దాటాక నా పక్కన ఎముక కొంచెం కిందికొచ్చింది. నలభై దగ్గర ఇంకొంచెం. పాదం కదల్లేదు, చీలమండ మాత్రం తడిసిన గోడలాగా కుంగింది. అరవై అనేసరికి ముప్పై తొమ్మిది. ఎడమకాలికి చూస్తే నలభై రెండు నుంచి నలభైకి దిగింది.

"నువ్వే సూడు" అని ఆమె నన్ను ఆయన కళ్లకు కనబడేలా పట్టుకుంది. "ఒక్క నిమిషానికే ఇట్లయింది. చెట్టు మీద నువ్వు ఎంతసేపుంటవు?"

ఆయన నా మీది అంకెలను చాలాసేపు చూశాడు. సాంబయ్య దుకాణంలో లావెక్కిన మనుషులు కూడా నన్ను అంత కోపంగా చూడలేదు. "ఇగ తాళ్లు పోయినట్టే" అన్నాడు కిందికి దిగి.

"పన్నెండు వారాలు చెప్పినట్టు చేస్తే మల్ల సూద్దాం. సాగింది బిగుసుకోదు. దాని చుట్టున్న కండలకు పని నేర్పుదాం. కట్టు పట్టీ గూడ ఇస్త."

"పన్నెండు వారాలంటె గీత కాలమే ఒడుస్తది."

"నువ్వు పడితే నేనిచ్చిన కాయిదం నీ జేబుల ఉంటది అన్నా" అంది ప్రవళిక.

పొద మీద ఆరేసిన అంగీ దగ్గరికి అండాలు వెళ్లింది. జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసింది. మొగుడి వైపు చూసింది. ఆయన తల తిప్పుకున్నాడు. ఆమె దాన్ని ప్రవళిక చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రమే వాళ్ల వాకిట్లో ప్రవళిక సాధన నేర్పింది. మూడు గీతలు గీయడానికి సుద్ద లేదు. అండాలు ముగ్గుపిండి తెచ్చింది. ముందుకొక గీత, వెనక్కి ఏటవాలుగా రెండు. నడుమ ఒంటికాలి మీద ఆయన నిలబడాలి. రోజూ ఎంత దూరం అందుకున్నాడో రాయాలి. రోజూ కొలవాలంటే టేపు కావాలి. ప్రవళిక నన్ను చుట్టచుట్టి అండాలుకు ఇచ్చింది. ఇచ్చేముందు ఒకసారి చేతిలో ఉంచుకుంది, అంతే.

నా కొత్త ఇల్లు వాళ్ల గోడకున్న ఒక మేకు. పొద్దున్నే అండాలు వాకిలి ఊడ్చి, చల్లి, ఆ మూడు గీతలే వేసేది. పక్కింటామె నడుము మీద చేయి పెట్టుకుని చూసేది. "ఇదేం ముగ్గే అండాలు, కోడికాలు లెక్క?"

"కోడిది కాదు, మా మొగోనిది" అనేది అండాలు.

సంఘం పద్దెనిమిది చెట్లనూ వేరే మనిషికి ఇచ్చింది. సాయంత్రాలు ఆ మనిషి లొట్లతో వాకిటి ముందు నుంచే వెళ్లేవాడు. ఆ వేళకు సోమనర్సయ్య ఇంట్లోకి పోయేవాడు, లేదా ఒంటికాలి మీద నిలబడి గోడ వైపు తిరిగేవాడు. కొన్ని రోజులు ముగ్గును కాలితో చెరిపేశాడు. అండాలు మళ్లీ వేసింది. చైత్రం గడిచేసరికి ఆయన రెండో కాలు నా మీద మూడు, నాలుగు, ఆరు సెంటీమీటర్లు దూరం జరిగింది. రాత్రి కొలత రాసేటప్పుడు అండాలు గొంతు తేలికపడేది. నాకు మాత్రం ప్రతి మంచి అంకెకూ భయం పెరిగేది. పోయినసారి కూడా నేను మంచి అంకెలే చెప్పాను.

వైశాఖం చివర్లో ప్రవళిక వచ్చింది. ఇంకో నెల గీత మిగిలి ఉంది. కాయితం తెస్తే ఆ నెలకైనా చెట్లు తిరిగిస్తామని సంఘం ఒప్పుకుంది. అది విన్నప్పటి నుంచి సోమనర్సయ్య రెండు రోజులుగా మాట్లాడటం తగ్గించాడు.

ముగ్గులో నిలబెట్టింది. అన్ని గీతల మీదా మొదటిరోజు కంటే చాలా ముందుకు అందుకున్నాడు. వాకిటి పక్కన ఉన్న చెట్టెక్కించి, మోకాలెత్తున నిలబెట్టింది. నలభై రెండు. అరవై లెక్కపెట్టాక నలభై రెండే. ప్రవళిక ఆపలేదు. నూట ఇరవై దాకా లెక్కించమంది. నలభై ఒకటిన్నర. ఎడమకాలూ అంతే.

"దిగన్నా" అంది ఆమె. మొహంలో వెలుగుంది. మోకాళ్ల మీద కాగితం పెట్టుకుని కలం తీసింది. నన్ను అండాలు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. నా మీద ఆమె చెమట తగులుతోంది.

"రాస్తున్న అన్నా. ఇంకేమన్న చెప్పేదున్నదా?"

సోమనర్సయ్య వంగి గుజి విప్పుకున్నాడు. దాన్ని మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"మంగళారం ఎవలికి జెప్పకుంట ఒక చెట్టెక్కిన" అన్నాడు.

అండాలు వేళ్లు నా మీద బిగుసుకున్నాయి. ప్రవళిక కలం కాగితానికి దగ్గరగా ఆగింది.

"మీదికెక్కేదాక మంచిగనే ఉండె. పట్టీ గూడ కట్టుకున్న. దిగేటప్పుడు సగంల, కుడిది ఒక్కసారి నా మాట ఇనలే. ఒక్కసారే. మర్లలే. మర్లుతదేమో అనిపిచ్చింది. ఎవ్వలు సూడలే."

"నాకు జెప్పవైతివి" అంది అండాలు.

"జెప్తే ఎక్కనిస్తువా?"

"మరిప్పుడెందుకు జెప్తున్నవు?"

ఆయన తాళ్లవైపు చూశాడు, వెంటనే చూపు దించుకున్నాడు. ఎవరూ చూడని ఆ ఒక్క క్షణానికి నా మీద గీత లేదు. ఉన్న గీతలన్నీ ఆయన చెట్లు ఆయనకు ఇచ్చేయమంటున్నాయి. వద్దంటున్నది ఆయన ఒక్కడే.

ప్రవళిక చాలాసేపు ఆయన మొహం చూసింది. ఆమె చేయి నా కోసం రాలేదు.

"సరే అన్నా" అంది. కలానికి మూత పెట్టింది.

ఇంకెన్ని రోజులని ఆయన అడగలేదు. గుజి అరుగు మీద పెట్టి వాకిట్లోకి నడిచాడు. పొద్దున వేసిన ముగ్గు సగం చెదిరిపోయి ఉంది. దాని నడుమకు వెళ్లి, ఎవరూ చెప్పకుండానే కుడికాలి మీద నిలబడ్డాడు.

అండాలు కొంగుతో మొహం తుడుచుకుని, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.